రష్యాలో ఖాళీ అయిపోయిన పల్లెకు వెళ్లి, క్షేమంగా తిరిగి రావడం ఎలా?

"అన్నా, మీ ఫోటోల్లో ఉన్న ఆ ఖాళీ ఊళ్లకి ఎలా వెళ్లాలి?" ట్వేర్, స్మొలెన్స్క్, కీరొవ్ నగరాల్లో మెడిసిన్ చదువుతున్న మన పిల్లల నుంచి నాకు తరచుగా వచ్చే మెసేజ్ ఇది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక అంతా ఒకచోట రాస్తున్నాను. ట్వేర్‌లో చదివిన ఆరేళ్లూ సెలవు దొరికినప్పుడల్లా నేను ఈ పల్లెలు తిరిగాను. ఒకసారి తొడ దాకా నేలలోకి దిగబడ్డాను, ఒకసారి చీకట్లో దారి తప్పాను, రెండుసార్లు పిడుదు కరిచింది. అందుకే తప్పుల గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

అందరూ ముందు అడిగేది తోడేళ్ల గురించి, ఆ తర్వాత దెయ్యాల గురించి. నన్ను ఇబ్బంది పెట్టినవన్నీ మాత్రం కాళ్ల కిందే ఉన్నాయి. గడ్డి కమ్మేసిన బావి, పుచ్చిపోయిన చెక్క నేల, పైకి లేచిన తుప్పు మేకు. ఈ మూడింటిని తప్పించుకోగలిగితే సగం పని అయినట్టే.

1. ఎక్కడికి వెళ్లకూడదో ముందు తేల్చుకోండి

ఊళ్లకు కొరత లేదు. 2010 జనాభా లెక్కల్లో రష్యాలో దాదాపు 1,53,000 పల్లెలుంటే, వాటిలో 19,400కు పైగా ఊళ్లలో ఒక్క మనిషి కూడా లేడు. ఒక్క ట్వేర్ ప్రాంతంలోనే అలాంటివి 2 వేలు దాటాయి. కాబట్టి పక్కన పెట్టాల్సినవి ముందు పక్కన పెట్టేయండి.

- బెల్గొరొద్, కుర్స్క్, బ్ర్యాన్స్క్: ఉక్రెయిన్ సరిహద్దు ప్రాంతాలు. మందుపాతరలు, డ్రోన్లు ఉన్నచోట సరదా యాత్రలు వద్దు.
- బ్ర్యాన్స్క్ ప్రాంతపు నైరుతి మూల (నొవొజీబ్కొవ్, జ్లీన్క, క్రాస్నయా గొరా వైపు): చెర్నోబిల్ కాలుష్యం పడిన నేల. యుద్ధం ఆగినా ఇక్కడికి వద్దు.
- ప్స్కొవ్, కరేలియా, మూర్మన్స్క్ ప్రాంతాల్లో సరిహద్దుకు దగ్గరి ఊళ్లు: అక్కడ సరిహద్దు జోన్ ఉంటుంది. రష్యా భద్రతా సంస్థ ఎఫ్ఎస్‌బీ అనుమతి లేకుండా విదేశీయులు అడుగు పెట్టకూడదు. బోర్డు కనబడలేదన్న సాకు పనిచేయదు.
- మిలిటరీ స్థలాల చుట్టుపక్కల అడవులు.

మిగిలినవాటిలో ట్వేర్ ఈశాన్య భాగం (బెజెత్స్క్ దాటాక సాందొవొ, వెస్యెగొన్స్క్ వైపు), కొస్త్రొమా, యరొస్లావ్ల్, వోలొగ్దా, కీరొవ్ ప్రాంతాలు మొదటిసారి వెళ్లేవాళ్లకు బాగుంటాయి.

అసలు ఇలాంటి చోటికి ఎప్పుడూ వెళ్లనివాళ్లకు నా సలహా ఒకటే. ముందు కొస్త్రొమా ప్రాంతంలో చుఖ్లొమా దగ్గరున్న అస్తాషొవొ చూసి రండి. ఊరు ఖాళీ అయ్యాక అడవిలో మిగిలిపోయిన పెద్ద చెక్క భవనాన్ని అక్కడ బాగుచేసి, అతిథులు ఉండే వీలు కల్పించారు. దూలం ఎక్కడ ఉంటుంది, పొయ్యి ఎంత చోటు తింటుంది, గదుల అమరిక ఏమిటి అన్నది నిలబడి ఉన్న ఇంట్లో చూస్తే, కూలిపోతున్న ఇంట్లో ఏది ఎక్కడుందో తేలిగ్గా పోల్చుకోగలుగుతారు.

2. నెల ఎంచుకోవడం

మంచి సమయాలు రెండే. ఒకటి ఏప్రిల్ చివరి నుంచి మే 10 దాకా. మంచు కరిగి ఉంటుంది, కొత్త గడ్డి ఇంకా లేవదు, నేల కనబడుతుంది. బావులూ గోతులూ దూరం నుంచే తెలుస్తాయి. బురద, పిడుదులు మాత్రం తప్పవు.

రెండోది సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ మధ్య దాకా. దోమలు పోతాయి, గడ్డి వాలిపోతుంది. కానీ పగలు తగ్గుతుంది. అక్టోబర్ చివరికి వచ్చేసరికి ట్వేర్‌లో సాయంత్రం 5కే సూర్యుడు దిగిపోతాడు. పైగా అది వేట కాలం, ఆపిల్ చెట్ల కిందికి ఎలుగుబంట్లు వచ్చే కాలం కూడా.

జూన్ నుంచి ఆగస్టు దాకా వద్దే వద్దు. ఫోటోల్లో పచ్చగా అందంగా ఉంటుంది కానీ, క్రపీవా అనే దురద మొక్క తలెత్తు పెరిగి ఉంటుంది. కింద ఏముందో దేవుడికే తెలియాలి. చలికాలం సంగతి స్కీయింగ్ వచ్చినవాళ్లకు, ఆ చలి అలవాటైనవాళ్లకు వదిలేయండి.

నా ఓటు మే మొదటి వారానికి. 1, 9 తేదీల సెలవులు కూడా కలిసొస్తాయి.

3. మ్యాపులో ఊరిని పట్టుకోవడం

మూడు మ్యాపులు పక్కపక్కన పెట్టుకోండి: సోవియట్ సైనిక మ్యాపు (1 సెంటీమీటరుకు 1 కిలోమీటరు ఉన్నది), ఉపగ్రహ చిత్రం, ఓపెన్ స్ట్రీట్ మ్యాప్. పాత మ్యాపులు 'ఎతొమేస్తొ' సైటులో ఇప్పటి మ్యాపు మీద పరిచి చూసుకోవచ్చు.

సోవియట్ మ్యాపులో గుర్తుపట్టాల్సినవి ఇవి:

- ఊరి పేరు కింద చిన్న అంకె: ఈ కొలత మ్యాపుల్లో అది వేలల్లో జనాభా. 0.05 అంటే 50 మంది ఉండేవారన్నమాట.
- 'నెజిల్.' అని ఉంటే మ్యాపు గీసేనాటికే మనుషులు లేరు.
- 'ఉర్.' అంటే ఉరోచిషె. ఆ చోటికి పేరు మాత్రమే మిగిలింది. మొదటిసారి వెళ్లేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. 12 కిలోమీటర్లు నడిచి వెళ్తే నాలుగు ఆపిల్ చెట్లు, ఒక గొయ్యి ఉంటాయి.

తర్వాత ఉపగ్రహ చిత్రం పెద్దది చేసి చూడండి. కప్పులు ఎన్ని కనబడుతున్నాయి? కరెంటు స్తంభాల వరస ఊరి దాకా వస్తోందా? ఎక్కడైనా గడ్డి కోసిన ముక్క ఉందా? ఉంటే అక్కడ వేసవికి ఎవరో వస్తున్నారు.

మొదటి యాత్రకు నేను పెట్టుకునే కొలతలు:

- మనుషులున్న ఊరికి 6 కిలోమీటర్ల లోపు
- కప్పు నిలిచిన ఇళ్లు కనీసం మూడు
- మధ్యలో వంతెన లేని ఏరు ఉండకూడదు (మ్యాపులో వంతెన ఉన్నా, అది చెక్కదైతే లేనట్టే లెక్క)
- బయటపడటానికి రెండు దారులు

ప్రధాన ఊరితో పాటు అదే దిక్కులో ఇంకో రెండు ఊళ్లు గుర్తుపెట్టుకోండి. మొదటిది కూలిపోయి ఉండొచ్చు, లేదా అక్కడ ఎవరో కాపురం ఉండొచ్చు.

4. కాగితాలు, చట్టం

ఊరు ఖాళీగా ఉందంటే ఇళ్లకు యజమానులు లేరని కాదు. చాలా ఇళ్లు మాస్కోలోనో ట్వేర్‌లోనో ఉన్న పిల్లల పేరు మీద ఉంటాయి. తాళం వేసిన ఇల్లు, మూసిన తలుపు, కంచె కట్టిన పెరడు మీకు సంబంధం లేనివి. నివాసంలోకి అనుమతి లేకుండా చొరబడటం రష్యా క్రిమినల్ కోడ్ 139వ సెక్షన్ కింద నేరం. తలుపు లేని ఇంట్లోకి తొంగిచూడటం వేరు, తలుపు తోసుకుని వెళ్లడం వేరు.

దగ్గర ఉండాల్సినవి:

- పాస్‌పోర్టు (ఫోటోకాపీ చాలదు), వీసా, మైగ్రేషన్ కార్డు, రిజిస్ట్రేషన్ చీటీ
- విద్యార్థులైతే ఊరు దాటుతున్నట్టు యూనివర్సిటీలోని విదేశీ విద్యార్థుల ఆఫీసుకు ముందే చెప్పిన మెసేజ్
- ఇన్సూరెన్స్ కాగితం. పిడుదు కాటుకు అందులో కవరేజీ ఉందో లేదో విడిగా అడగండి
- నగదు. మన బ్యాంకులిచ్చిన వీసా, మాస్టర్ కార్డులు 2022 మార్చి నుంచి అక్కడ పనిచేయవు

ఇంట్లో వదిలేయాల్సినవి రెండు. ఒకటి డ్రోన్. చాలా ప్రాంతాల్లో ఇప్పుడు నిషేధం ఉంది, విదేశీయుడి చేతిలో కనబడితే సంజాయిషీ వినే ఓపిక ఎవరికీ ఉండదు. రెండోది మెటల్ డిటెక్టర్. పాత నాణేల కోసం తవ్వడం అదే క్రిమినల్ కోడ్ 243.2 సెక్షన్ కేసు దాకా వెళ్లగలదు.

5. టీకాలు, సామాను

ఇక్కడ నాలోని డాక్టర్ కాస్త చాదస్తంగా మాట్లాడతాడు, భరించండి.

పిడుదుల ద్వారా వచ్చే మెదడువాపుకు టీకా ఉంది. నెల తేడాతో రెండు డోసులు, ఏడాది లోపు మూడోది. మేలో వెళ్లాలంటే చలికాలంలోనే మొదలుపెట్టాలి. కీరొవ్, వోలొగ్దా, కొస్త్రొమా, ఉరల్స్ వైపు వెళ్లేవాళ్లు టీకా లేకుండా కదలొద్దు. పిడుదుల వల్లే వచ్చే లైమ్ జబ్బుకు అక్కడ టీకా వేయరు కాబట్టి, దాని విషయంలో ఒంటిని వెతుక్కోవడమే మందు. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో కూడా చూసుకోండి.

సామాను జాబితా:

- గట్టి అడుగున్న బూట్లు. రబ్బరు బూట్లైతే లోపల మేకు దిగని సోల్ వేసుకోవాలి
- లేత రంగు ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా. నల్ల బట్టల మీద పిడుదు కనబడదు
- ఆరెంజ్ జాకెట్ లేదా వెస్ట్, వేటగాళ్లకు మీరు కనబడటానికి
- మనిషెత్తు కర్ర. ఈ యాత్రలో అన్నిటికన్నా విలువైన వస్తువు ఇదే
- హెల్మెట్, తోలు గ్లవ్స్, ఎఫ్ఎఫ్‌పీ2 మాస్కులు
- తలకు కట్టుకునే లైటు, ఇంకో చిన్న టార్చి, విడి బ్యాటరీలు
- కాగితం మీద ప్రింటు తీసిన మ్యాపు, దిక్సూచి, విజిల్
- 2 లీటర్ల నీళ్లు, ఫ్లాస్కులో టీ, ఒక పూట ఎక్కువ తిండి
- బట్టల మీద కొట్టే పిడుదుల స్ప్రే (ఒంటి మీద కాదు), ఒంటికి దోమల మందు
- సన్నమూతి పట్టకారు, కట్టు గుడ్డ, అయొడిన్, వెండి రంగు ఎమర్జెన్సీ దుప్పటి

ఫోన్‌ను నమ్ముకోవద్దు. డ్రోన్ దాడుల భయంతో మొబైల్ ఇంటర్నెట్‌ను గంటల తరబడి ఆపేయడం 2025 నుంచి మామూలైపోయింది, జీపీఎస్ కూడా అప్పుడప్పుడు తప్పు చూపిస్తోంది. మ్యాపులు డౌన్‌లోడ్ చేసుకోండి. ఆర్గానిక్ మ్యాప్స్ యాప్ గానీ ఓఎస్ఎంఅండ్ యాప్ గానీ సరిపోతుంది.

6. చెప్పి వెళ్లడం

ఒంటరిగా వెళ్లొద్దు. ఇద్దరు కూడా తక్కువే, ముగ్గురు సరైన లెక్క. ఒకరికి కాలు బెణికితే ఒకరు తోడుంటారు, ఇంకొకరు సాయం కోసం వెళ్తారు. అందులో ఒకరికైనా రష్యన్ బాగా రావాలి.

నగరంలో ఉండే స్నేహితుడికి నాలుగు విషయాలు రాసి పంపండి: ఏ ఊరు, ఏ దారి, ఎవరెవరు, ఏ టైముకు ఫోన్ చేస్తారు. ఆ టైముకు ఫోన్ రాకపోతే రెండు గంటలు చూసి 112కు చేయమని చెప్పండి. "చూద్దాంలే, సిగ్నల్ లేదేమో" అని ఊరుకునే స్నేహితుడికి కాదు, టెన్షన్ పడే స్నేహితుడికి చెప్పండి.

7. దారి

జిల్లా కేంద్రం దాకా బస్సో రైలో. అక్కడి నుంచి మనుషులున్న చివరి ఊరి దాకా టాక్సీ. తిరిగి ఎక్కించుకునే టైము అప్పుడే మాట్లాడుకుని సగం డబ్బు ఆపండి. మిగతాది నడకే.

సొంత కారుందని అడవి దారిలోకి దింపకండి. పొడిగా కనబడే బంకమట్టి ఒక్క జల్లు పడితే సబ్బులా తయారవుతుంది. కలప లారీలు తొక్కిన దారైతే గాడులు మోకాలి లోతు ఉంటాయి.

నడక లెక్క: దారి ఉన్నచోట గంటకు 4 కిలోమీటర్లు, పాడుపడ్డ పొలంలో 2, గాలికి చెట్లు అడ్డంగా పడిన అడవిలో 1. మ్యాపు చూసి "5 కిలోమీటర్లేగా" అనుకోవడం వల్లే నేను ఆ రాత్రి దారి తప్పాను. అప్పటి నుంచి నా నియమం, సూర్యుడు దిగడానికి 4 గంటల ముందు ఎక్కడున్నా వెనక్కి తిరగడమే. ఊరు 300 మీటర్ల దూరంలో కనబడుతున్నా సరే.

దారిలో చూసుకోవాల్సిన మొక్క బర్షెవీక్. కొత్తిమీర పూతను వంద రెట్లు పెద్దది చేసినట్టు తెల్లటి గొడుగులు, మనిషిని మించిన ఎత్తు. సోవియట్ కాలంలో పశువుల మేతకు నాటి వదిలేశారు, ఇప్పుడది పాడుపడ్డ పొలాలన్నీ ఆక్రమించింది. దాని పాలు ఒంటికి తగిలాక ఎండ పడితే కాలిన బొబ్బలు లేస్తాయి. తగిలితే వెంటనే సబ్బు నీళ్లతో కడిగి, రెండు రోజులు ఆ చోట ఎండ తగలకుండా కప్పి ఉంచండి. మేలో చిన్నగా ఉంటుంది, అయినా చేత్తో తుంచొద్దు.

మాట్లాడుకుంటూ, కర్రతో కొడుతూ నడవండి. ఎలుగుబంటికి మీరు వస్తున్నట్టు తెలిస్తే అదే పక్కకు పోతుంది.

8. ఊళ్లో ఎవరైనా ఉన్నారా?

పొలిమేర దగ్గర ఆగి పది నిమిషాలు చూడండి, వినండి. పొగ, కుక్క అరుపు, కొత్త తాళం, పేర్చిన కట్టెలు, కోసిన గడ్డి, తెగని కరెంటు తీగ. వీటిలో ఏ ఒక్కటి కనబడినా అది ఖాళీ ఊరు కాదు.

దీనికి మంచి అడ్డదారి ఒకటుంది. ఆవ్టోలావ్కా అని వారానికి ఒకటి రెండుసార్లు పల్లెలకు రొట్టె, చక్కెర, సిగరెట్లు తెచ్చే దుకాణం బండి తిరుగుతుంది. ఆ డ్రైవరుకు ఏ ఊళ్లో ఎంతమంది మిగిలారో వేళ్ల మీద లెక్క ఉంటుంది. ఏ వంతెన కూలిందో కూడా అతనికే ముందు తెలుస్తుంది. పోస్టు పంచే ఆవిడా అంతే.

మనిషి కనబడితే దూరం నుంచే "జ్ద్రాస్త్‌వుయితె" అనండి. చేతులు కనబడేలా ఉంచి, మీరెవరో మీరే చెప్పండి: "మీ స్తుదెంతీ ఇజ్ ఇందియి" (మేం ఇండియా విద్యార్థులం). "మోజ్న పస్మత్రేత్?" (చూడొచ్చా?) అని అడగండి. వద్దంటే "ఇజ్వినీతె" అని చెప్పి వచ్చేయడమే. పెద్దవాళ్లను 'వీ' అని బహువచనంలోనే పిలవాలి, మన 'మీరు' లాగే.

చాలాసార్లు వద్దనరు. ఊళ్లో ఒక్కరే మిగిలిన ముసలావిడ అయితే ముందు తిట్టి, తర్వాత టీ పెడుతుంది. సంచిలో ఒక టీ ప్యాకెట్, మంచి బిస్కెట్లు, టార్చి బ్యాటరీలు అదనంగా పెట్టుకెళ్లండి. ఇచ్చి, పొయ్యిలోకి కట్టెలు ఏమైనా లోపలికి తేవాలా అని అడగండి. ఊరి గురించి మ్యాపు చెప్పనివన్నీ అప్పుడు తెలుస్తాయి, ముఖ్యంగా ఏ బావి మీద మూత లేదో.

ఈస్టర్ తర్వాత తొమ్మిదో రోజు, మంగళవారం నాడు రాదొనిత్స వస్తుంది. ఆ రోజు ఊరు వదిలి వెళ్లినవాళ్లు సమాధుల దగ్గరికి తిరిగి వస్తారు. మాట్లాడటానికి మనుషులు దొరికే రోజు అది. అయితే అది వాళ్ల పెద్దల రోజు. పిలవకుండా కెమెరా పట్టుకుని శ్మశానంలోకి పోవద్దు, సమాధుల మీద పెట్టిన తిండి ముట్టుకోవద్దు.

9. ముందు ఊరు చుట్టూ ఒక రౌండు

ఇళ్లను చూడగానే లోపలికి దూరాలనిపిస్తుంది. ఆగండి. ముందు మధ్య వీధిలో, తర్వాత ఇళ్ల వెనక పెరళ్ల మీదుగా ఒక రౌండు వేయాలి. ముగ్గురూ ఒకరి వెనక ఒకరు, ముందున్నవాడు కర్రతో నేలను పొడుస్తూ నడవాలి.

నేలను చదవడం నేర్చుకోండి. క్రపీవా గుబురుగా ఉందంటే ఒకప్పుడు అక్కడ ఇల్లో పశువుల కొట్టమో ఉండేది, ఆ మట్టిలో ఎరువు ఎక్కువ. లైలాక్ పొద ఉన్నచోట ఇంటి ముంగిలి. రెండు వరసల్లో పెద్ద చెట్లుంటే అది వీధి. వీటి మధ్య నలుచదరంగా కుంగిన చోటు కనబడితే అది నేలమాళిగ, దాని మీద అడుగు వేయొద్దు. బయట మట్టిదిబ్బకు తలుపు ఉన్నట్టుంటే అది పోగ్రెబ్, ఆలుగడ్డలు దాచే గుంత. దాని కప్పు లోపలి నుంచి పుచ్చి ఉంటుంది.

బావులు రెండు రకాలు. ఒకటి చెక్క గదిలాంటి మూత ఉన్నది. రెండోది అచ్చం మన ఏతం లాంటిది. పొడుగాటి కర్ర, ఒక చివర బరువు. దాన్ని వాళ్లు జురావ్ల్ అంటారు, కొంగ అని అర్థం. ఏతం కర్ర నిలబడి ఉంటే బావి ఎక్కడుందో దూరం నుంచే తెలుస్తుంది. కర్ర పడిపోయి, ఒరకు కట్టిన దుంగలు కూడా పుచ్చిపోయాక గడ్డి మధ్య ఒక రంధ్రం మిగులుతుంది. దాని మీద ఎవరో పెట్టిన నాలుగు పలకలు ఉంటే ఇంకా ప్రమాదం.

బావి కనబడగానే పక్కన కొమ్మ పాతి, దానికి రంగు రిబ్బను కట్టండి, ఫోన్‌లో గుర్తు పెట్టండి. వెళ్లేటప్పుడు రిబ్బను విప్పుకుని పోవచ్చు. కొమ్మ అలాగే ఉంచండి. ఆ బావుల్లో నీళ్లు తాగొద్దు, లోపలికి దిగొద్దు. లోతైన బావుల్లో, మాళిగల్లో గాలి ఉండదు.

మే నెలలో ఎండకు వేడెక్కిన పునాది రాళ్ల మీద, పడిపోయిన రేకుల మీద గద్యూక పాములు చుట్టుకుని ఉంటాయి. మన రక్తపింజర కుటుంబమే, విషం మాత్రం అంత తీవ్రం కాదు. కర్రతో తట్టకుండా రేకు ఎత్తొద్దు. కరిస్తే కోయడం, పీల్చడం, తాడు కట్టడం ఏవీ చేయొద్దు. కదలకుండా ఉంచి, ఆసుపత్రికి చేర్చండి.

10. ఇంట్లోకి అడుగు పెట్టడం

తలుపు లేని, ఎవరూ వాడని, నిటారుగా నిలబడిన ఇల్లైతేనే. బయటి నుంచే నాలుగు చూడండి:

- కప్పు పైగీత తిన్నగా ఉందా, నడుం విరిగినట్టు కుంగిందా?
- ఇటుక పొగగొట్టం ఒక పక్కకు ఒరిగిందా? అది పడితే కప్పును చీల్చుకుని లోపలికే పడుతుంది.
- గోడ అడుగు వరసల దుంగలను కర్రతో పొడిస్తే గట్టిగా మోగుతోందా, మెత్తగా దిగుతోందా?
- మెట్లు, అరుగు ఎలా ఉన్నాయి? మొదట పుచ్చేవి అవే.

ఒక్కదానికి సమాధానం చెడ్డదైనా బయటి నుంచి ఫోటో తీసుకుని వెళ్లిపోండి. పక్కన ఇంకో ఇల్లుంటుంది.

లోపలికి వెళ్లాల్సి వస్తే వరస ఇది. ఒకరు బయటే ఉంటారు. ఇద్దరు మాస్కు, హెల్మెట్ పెట్టుకుని, పది అడుగుల ఎడంతో వెళ్తారు. ముందు వచ్చేది సేని, అంటే చీకటి వసారా. అక్కడ ఒక నిమిషం ఆగి కళ్లు అలవాటు పడనివ్వండి. ఆ తర్వాత తల పైకెత్తి దూలం చూడండి. వెచ్చదనం కోసం ఈ ఇళ్ల అటక మీద మట్టీ పొట్టూ పరిచి ఉంటారు. అది తడిస్తే బరువు చాలా పెరుగుతుంది. దూలానికి పగులున్నా, తడి మరక ఉన్నా అక్కడి నుంచే వెనక్కి.

నేల మీద నడిచేటప్పుడు మేకుల వరస వెతకండి. మేకులు కొట్టిన గీత కింద మోసే దుంగ ఉంటుంది. ఆ గీత మీద, గోడల వారగా అడుగు వేయాలి. ముందు కర్ర, తర్వాత ఒక కాలు, తర్వాతే బరువు. పొగగొట్టం చుట్టూ, కిటికీల కింద, కప్పులో కన్నం పడిన చోట నేల ముందుగా పుచ్చుతుంది. వాన దిగేది అక్కడే.

అన్నిటికన్నా మోసం చేసేది లినోలియం, అంటే నేల మీద పరిచే ప్లాస్టిక్ లాంటి షీటు. పైకి చదునుగా, శుభ్రంగా కనబడుతుంది. కింద తేమ బయటికి పోలేక చెక్క పేలపిండిలా అయిపోతుంది. నేను తొడ దాకా దిగబడింది పూల డిజైను లినోలియం మీదే. అప్పుడు కంగారుపడి కాలు పైకి లాగాను, విరిగిన పలక అంచులు బాణం ములుకుల్లా మాంసంలోకి దిగాయి. అలా లాగకూడదు. వెనక్కి కూర్చుని బరువు పరచండి, కాలి చుట్టూ పలకను కిందికీ బయటికీ విరిచి కన్నం పెద్దది చేయండి, ఆ తర్వాత కాలు తీయండి.

ఇంట్లో చేయకూడనివి:

- ఇటుక పొయ్యి మీద ఆనడం, దాని మీదికి ఎక్కడం
- అటక ఎక్కడం, నేలమాళిగలోకి దిగడం
- దుమ్ము ఊడవడం, పరుపులు దులపడం. ఎలుకల మలమూత్రాల దుమ్ము పీలిస్తే మూత్రపిండాలను దెబ్బతీసే జ్వరం వస్తుంది, వోల్గా తీర ప్రాంతాల్లో ఇది బాగా ఎక్కువ
- సిగరెట్, కొవ్వొత్తి. వసంతంలో ఎండుగడ్డికి నిప్పు అంటుకుంటే ఊరు మొత్తం అరగంటలో పోతుంది, జరిమానా వేరే

ఇంటికి పది, పదిహేను నిమిషాలు చాలు. రోజుకు మూడు నాలుగు ఇళ్లకు మించి వద్దు. అలసిపోయినవాడు కర్ర వాడటం మానేస్తాడు.

11. ఏం తెచ్చుకోవచ్చు?

ఫోటోలు, అంతే. మూలలో ఇకోనా (పూజించే దేవుడి పటం) ఉంటుంది, గోడకు పెళ్లి ఫోటో ఉంటుంది, సొరుగులో ఉత్తరాలుంటాయి. ఏదీ కదపొద్దు. తీసుకుంటే దొంగతనం, పాత ఇకోనాను అనుమతి లేకుండా దేశం దాటిస్తే స్మగ్లింగ్ కేసు.

ఫోటోలు పెట్టేటప్పుడు ఊరి పేరు, మ్యాపు గుర్తు రాయొద్దు. ఇనుము దోచేవాళ్లూ ఇకోనాలు ఎత్తుకుపోయేవాళ్లూ కూడా అవే ఫోటోలు చూస్తుంటారు. ఉత్తరాల మీది పేర్లు, అడ్రసులు కనబడే చిత్రాలు అసలే వద్దు. జిల్లా పేరు కూడా రాయొద్దని నా పట్టుదల, దీనికి నా స్నేహితులు నన్ను పిసినారి అంటారు.

12. ఎక్కువగా జరిగే పొరపాట్లు, సర్దుబాట్లు

దారి తప్పితే: నడవడం ఆపండి. పది నిమిషాలు కూర్చుని టీ తాగండి. మీ అడుగుజాడల మీదే వెనక్కి వెళ్లగలరా చూడండి. లేకపోతే ఉన్నచోటే ఉండి 112 చేయండి. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా వేరే నెట్‌వర్కు మీద కలవొచ్చు. తప్పిపోయినవాళ్లను వెతికే లీజా అలెర్ట్ వాలంటీర్లు చాలా ప్రాంతాల్లో ఉన్నారు. నగరంలో ఉన్న స్నేహితుడికి ఆ పేరు ముందే చెప్పి ఉంచండి.

బూటులోకి మేకు దిగితే: సన్నగా దిగి వచ్చేసినదైతే బాగా కడిగి, కట్టు కట్టి, ఆ రోజే డాక్టరుకు చూపించండి. చిన్న కన్నమే కదా అని వదిలేసే గాయాల్లోనే చీము పడుతుంది.

టాక్సీ రాకపోతే: చీకట్లో రోడ్డెంట నడవకండి. మనుషులున్న ఆ చివరి ఊళ్లోనే తలుపు తట్టండి. పొద్దున దిగినప్పుడే అక్కడ ఒకరితో పరిచయం చేసుకుని ఉంటే ఇది తేలిక.

పిడుదు కరిస్తే: నూనె, కిరోసిన్, అగ్గిపుల్ల ఏవీ వద్దు. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి తీయండి. చిన్న సీసాలో తడి దూదితో పెట్టి ల్యాబుకు ఇవ్వండి. టీకా లేనివాళ్లకు అక్కడ మెదడువాపు రాకుండా ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ వేస్తారు, అది 96 గంటల లోపే. అంటే "సోమవారం చూద్దాం" అనడానికి లేదు.

13. తిరిగి వచ్చాక

స్నేహితుడికి ఫోన్ చేయండి. ఇది మర్చిపోయి పడుకుంటే మీ కోసం రాత్రంతా అడవి వెతుకుతారు.

బట్టలను గదిలోకి తీసుకెళ్లకుండా బాత్రూమ్‌లోనే విప్పి, 60 డిగ్రీల నీళ్లలో ఉతకండి. ఒళ్లంతా వెతకండి: చంకలు, గజ్జలు, మోకాళ్ల వెనక, చెవుల వెనక, జుట్టులో. ఒకరికొకరు చూసుకోవడానికి సిగ్గుపడితే అద్దం వాడండి. మర్నాడు పొద్దున మళ్లీ ఒకసారి చూడండి. రక్తం తాగాకే పిడుదు కంటికి ఆనుతుంది.

క్యాలెండర్‌లో నెల రోజులు గుర్తు పెట్టుకోండి. ఈలోపు కరిచిన చోట ఎర్రటి వలయం పెరుగుతూ ఉంటే లైమ్ కావచ్చు. జ్వరం, తీవ్రమైన తలనొప్పి, నడుం నొప్పి, మూత్రం తగ్గడం లాంటివి ఏవి వచ్చినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పరీక్షలు రాసేలోపు మీరే చెప్పండి: ఫలానా తేదీన అడవిలో ఖాళీ ఊరికి వెళ్లాను, ఎలుకలున్న ఇంట్లో ఇంతసేపు ఉన్నాను, పిడుదు ఇక్కడ కరిచింది. సెలవులకు ఇండియా వచ్చాక జ్వరం వస్తే ఇది ఇంకా ముఖ్యం. మన దగ్గర డాక్టరు డెంగీ, మలేరియా, టైఫాయిడ్ పరీక్షలు రాస్తారు కానీ, మీరు నోరు విప్పి చెప్పకపోతే ఈ జబ్బుల ఊసే రాదు.